ఐదో నెల, రక్తం 9.1: ఏం తినాలి, ఎప్పుడు తినాలి?

ప్రశ్న: మేడమ్, నాకు 23 ఏళ్లు. మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. మొదటి కాన్పు, ఐదో నెల నడుస్తోంది. మొదటి మూడు నెలలు వేవిళ్లతో ఏమీ తినలేకపోయాను. ఇప్పుడు ఆకలి వేస్తోంది కానీ ఏది తినాలన్నా భయంగా ఉంది. గుడ్డు, నువ్వులు, బొప్పాయి వేడి చేస్తాయని, వంకాయ తింటే బిడ్డకు దురదలు వస్తాయని, ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని మా అత్తమ్మ అంటారు. మా అమ్మేమో ఫోన్ చేసినప్పుడల్లా ఇద్దరి తిండి తినమంటుంది. పొద్దున టీ, బిస్కెట్లు; పదింటికి అన్నం, పచ్చడి; మధ్యాహ్నం అందరి భోజనాలయ్యాక అన్నం, పప్పుచారు; రాత్రి అన్నం, మజ్జిగ. ఇదీ నా తిండి. పోయిన వారం పరీక్ష చేస్తే రక్తం 9.1 అన్నారు. ఎర్ర మాత్రలు, కాల్షియం మాత్రలు ఇచ్చారు. రెండూ కలిపి పొద్దున టీతో వేసుకుంటే కడుపులో తిప్పింది, మలం నల్లగా వచ్చింది. భయమేసి మానేశాను. రక్తం పడుతుందని బీట్‌రూట్, దానిమ్మ తింటున్నాను. కడుపు రాకముందు 44 కిలోలు ఉన్నాను, ఇప్పుడూ అంతే. ఎత్తు ఐదడుగులు. మా ఆయన ప్రొటీన్ పొడి డబ్బా, కుంకుమపువ్వు తెస్తానంటున్నాడు. అంగన్‌వాడీ టీచర్ భోజనానికి రమ్మంటోంది, ఇంట్లోవాళ్లు నామోషీ అంటున్నారు. ఇంకో మాట ఎవరికీ చెప్పలేదు. బియ్యం ఏరుతూ పచ్చి బియ్యం గుప్పెళ్లకొద్దీ తింటున్నాను, మానలేకపోతున్నాను. నేనేం చేయాలి?
– ఒక సోదరి

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన వాటన్నింటిలో ముందు తేల్చుకోవాల్సింది ఎర్ర మాత్ర సంగతి. గుడ్డు, వంకాయ, బొప్పాయి గురించి తర్వాత మాట్లాడుకుందాం. ఆ మాత్ర మాత్రం ఈ రాత్రి నుంచే మళ్లీ మొదలుపెట్టండి. ఎందుకో, ఎలాగో చెబుతాను.

గర్భిణికి హిమోగ్లోబిన్ కనీసం 11 ఉండాలి. 10 నుంచి 10.9 దాకా ఉంటే కొద్దిపాటి రక్తహీనత. 7 నుంచి 9.9 దాకా మధ్యస్థం. 7 కన్నా తగ్గితే తీవ్రం. మీ 9.1 మధ్యస్థంలోకి వస్తుంది. బెంబేలు పడాల్సిన అంకె కాదు, చేతిలో ఇంకా నాలుగు నెలలకు పైగా ఉంది. అలాగని 'ఊళ్లో అందరికీ ఇంతే కదా' అని వదిలేసే అంకె కూడా కాదు. నిజానికి అందరికీ ఇంతే అన్నది ఒక రకంగా నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే పరిస్థితి. ఎక్కువమందికి ఉన్నంత మాత్రాన అది మామూలు విషయం అయిపోదు. కాన్పులో కొంత రక్తం పోవడం ఎవరికైనా తప్పదు. ఒంట్లో రక్తం సరిపడా ఉన్న తల్లి దాన్ని తట్టుకుంటుంది. 8, 9 దగ్గర ఉన్న తల్లికి అదే రక్తస్రావం ప్రాణం మీదికి తేవచ్చు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టడానికి, తక్కువ బరువుతో పుట్టడానికి కూడా రక్తహీనత ఒక కారణం.

గర్భం మొదలైనప్పటి నుంచి కాన్పు దాకా తల్లికి అదనంగా కావాల్సిన ఇనుము మొత్తం కలిపితే సుమారు 1000 మిల్లీగ్రాములు. తల్లి ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, మాయ తయారవుతుంది, బిడ్డ కూడా పుట్టాక కొన్ని నెలలకు సరిపడా ఇనుమును తల్లి దగ్గరే తీసుకుని దాచుకుంటుంది. ఇంత ఇనుము బీట్‌రూట్‌తో, దానిమ్మతో రాదు. అవి తినండి, మంచివే. కానీ 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. దానిమ్మలో అంతకన్నా తక్కువ. వాటి ఎరుపు రంగు చూసి రక్తం పడుతుందని మనవాళ్లు అనుకుంటారు. ఆ ఎరుపుకీ రక్తానికీ సంబంధం లేదు. మీకు ఇచ్చిన ఒక్క ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దానిమ్మలు కొనడానికి పెట్టే డబ్బు సగానికి తగ్గించి గుడ్ల మీద పెట్టమని మీ ఆయనకు చెప్పండి.

ఆ ఫోలిక్ యాసిడ్ వెనక మనం గుర్తుంచుకోవాల్సిన కథ ఒకటుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ 1928 తర్వాత బొంబాయి వచ్చి, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వస్తున్న తీవ్రమైన రక్తహీనతను పరిశీలించింది. ఈస్ట్ నుంచి తీసిన పదార్థం ఇస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో పనిచేస్తున్నది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పని 1940లలో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో జరిగింది. ఆ పరిశోధనలకు పెద్దగా ఉండి నడిపించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణుల కష్టం చూసి మొదలైన పని, ఒక తెలుగు శాస్త్రవేత్త చేతి మీదుగా సాగి, ఇవాళ మీ ఇంట్లో ఆ ఎర్ర మాత్రలో ఉంది. దాన్ని డబ్బాలో ఉంచేయకండి.

ఇక మీకెందుకు పడలేదో చూద్దాం. మీరు మూడింటిని ఒకేసారి వేశారు: ఐరన్, కాల్షియం, టీ. టీలో ఉండే టానిన్లు ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందనీయవు. కాల్షియం కూడా ఇనుముకు అడ్డు. అంటే కడుపులో తిప్పడం మీకు మిగిలింది కానీ మాత్ర వల్ల అందాల్సిన మేలు చాలావరకు అందలేదు. పరగడుపున టీ తాగి మాత్ర వేసుకుంటే వికారం రావడంలో వింత కూడా లేదు. మలం నల్లగా రావడం గురించి భయపడకండి. ఒంటికి పట్టని ఇనుము అలా బయటికి పోతుంది, అంతే. మాత్ర వేసుకునేవాళ్లలో చాలామందికి అలాగే వస్తుంది. ఈ ఒక్క మాట మాత్ర ఇచ్చేటప్పుడే చెబితే ఎంతమంది ఆడపిల్లలు మానకుండా ఉండేవారో!

రోజూ ఇలా వేసుకోండి. పొద్దున ఎనిమిదింటికి టిఫినో అన్నమో తిన్న వెంటనే ఒక కాల్షియం మాత్ర. పదిన్నరకు ఐరన్ మాత్ర, అరచెక్క నిమ్మకాయ పిండిన నీళ్లతో. నిమ్మలోని విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. రాత్రి ఏడున్నరకు భోజనం చేసి రెండో కాల్షియం మాత్ర. పడుకోబోయే ముందు, పదింటికి, రెండో ఐరన్ మాత్ర. మధ్యస్థ రక్తహీనత ఉన్నప్పుడు సాధారణంగా ఐరన్ మాత్ర రోజుకు రెండు చెబుతారు. మీకు ఒకటి చెప్పారా, రెండు చెప్పారా అన్నది మీ ఏఎన్ఎంను అడిగి ఖాయం చేసుకోండి. ఒకటే అన్నట్టయితే రాత్రి వేసుకోండి, నిద్రలో వికారం తెలియదు. అయినా తిప్పుతుంటే మొదటి వారం భోజనమైన గంట తర్వాత వేసుకుని అలవాటు చేసుకోండి. కొంచెం తక్కువ పట్టినా ఫరవాలేదు, మానేయడం కన్నా అది ఎన్నో రెట్లు నయం. మలబద్ధకం వస్తే నీళ్లు, ఆకుకూరలు, జామపండు పెంచండి, సాయంత్రం కాసేపు నడవండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్ వేరే రకం ఐరన్ రాస్తారు. సొంతంగా మానేయవద్దు.

టీ మానమని నేను చెప్పను. పొద్దున లేవగానే టీ పడకపోతే తలనొప్పి వచ్చే ఇళ్లే మనవన్నీ. భోజనానికి గంట ముందు, గంట తర్వాత మాత్రం తాగకండి. మీకైతే సాయంత్రం నాలుగున్నరకు బాగుంటుంది. రోజుకు రెండు చిన్న కప్పులు దాటకండి. కాఫీ తాగేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి, ఒక కప్పు ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది.

పచ్చి బియ్యం సంగతి మీరు ఎవరికీ చెప్పలేదన్నారు. చెప్పినందుకు మెచ్చుకుంటున్నాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇది తిండి యావ కాదు. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లలో చాలామందికి పచ్చి బియ్యం, బలపం, మట్టి, సున్నం, ఐసు ముక్కలు ఇలాంటివి తినాలనిపిస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. మీరు మనసు గట్టి చేసుకుని మానాలని ప్రయత్నించి ఓడిపోయారు కదా, అందులో మీ తప్పు లేదు. ఐరన్ సరిగా పట్టడం మొదలయ్యాక ఆ కోరిక చాలామందిలో దానంతట అదే తగ్గిపోతుంది. అప్పటిదాకా బియ్యం ఏరే పని ఇంకెవరికైనా అప్పగించండి. నోరు ఊరుకోకపోతే వేయించిన శనగలు దగ్గర పెట్టుకోండి. ఈ విషయం డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మట్టి తినే అలవాటున్నవాళ్లకు కడుపులో పురుగులు కూడా పడతాయి. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య ఒకసారి ఇచ్చే పురుగుల మాత్ర, ఆల్బెండజోల్ 400, మీకు ఇచ్చారో లేదో అడగండి.

ఇప్పుడు తిండి. మీరు రాసిన రోజంతా అన్నమే ఉంది. మూడు పూటలా అన్నం తింటే కడుపు నిండుతుంది. బిడ్డ ఒళ్లు కట్టుకోవడానికి కావాల్సిన మాంసకృత్తులు మాత్రం పప్పుచారులో తేలే నాలుగు కందిపప్పు బద్దల్లోంచే రావాలి. మీ పళ్లెంలో ఉన్నవాటి గురించి మీ ఇంట్లో ఇంత చర్చ జరుగుతోంది కానీ, లేనివాటి గురించి ఎవరూ అడగడం లేదు. నాకు బెంగ కలిగించేది అదే.

మీ అమ్మ చెప్పిన 'ఇద్దరి తిండి' అక్షరాలా పాటించాల్సిన పని లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా కావాల్సింది సుమారు 350 కేలరీలు. ఒక గ్లాసు పాలు, ఒక గుప్పెడు పల్లీలు, ఒక అరటిపండు కలిస్తే దాదాపు అంతే అవుతుంది. అన్నం రెట్టింపు చేయనక్కర్లేదు. పెరగాల్సింది మాంసకృత్తులు. నాలుగు, ఐదు, ఆరు నెలల్లో రోజుకు దాదాపు 10 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనంగా కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, 7 గ్రాములు, గుప్పెడు పల్లీల్లో 7 గ్రాములు ఉంటాయి. ఈ మూడింటితో చివరి నెలల లెక్క కూడా దాదాపు తీరిపోతుంది. మీ ఆయన తేవాలనుకుంటున్న డబ్బా ఖరీదుతో ఎన్ని రోజుల గుడ్లు, పాలు, పల్లీలు వస్తాయో ఇద్దరూ కూర్చుని ఒకసారి లెక్కేసుకోండి. ఆ పొడుల్లో చాలావాటిలో చక్కెర కూడా కలుస్తుంది. డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప మీకు అవసరం లేదు.

అత్తమ్మ మాటల గురించి జాగ్రత్తగా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే ఆమె మీ మేలు కోరే చెబుతున్నారు. 'ఎక్కువ తింటే బిడ్డ లావవుతుంది' అన్న మాట ఊరికే పుట్టలేదు. ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఎక్కడో దూరాన ఉండి, బండి కట్టుకుని వెళ్లేలోపే తల్లో బిడ్డో పోయిన రోజుల్లో, బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు తేలిక అని ఆడవాళ్లు తిండి తగ్గించుకున్నారు. ఆ భయం నిజమైనది. కానీ తిండి తగ్గిస్తే ముందు తల్లి నీరసించిపోతుంది, బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువగా పుట్టి పాలు తాగడానికి, వెచ్చగా ఉండడానికి, జబ్బులను తట్టుకోవడానికి అవస్థ పడుతుంది. ఇప్పుడు కాన్పు కష్టమైతే చూసుకోవడానికి ఆసుపత్రి ఉంది. కడుపులో ఎదగని బిడ్డను పుట్టాక ఎదిగించడం మాత్రం ఇప్పటికీ కష్టమే. అత్తమ్మతో వాదించకుండా ఈ మాట మీ డాక్టర్ చేతనో ఏఎన్ఎం చేతనో ఆమె ముందే చెప్పించండి. కోడలు చెబితే ఎదురు మాట అవుతుంది, డాక్టరమ్మ చెబితే వింటారు.

మీ ఎత్తుకు 44 కిలోలు మరీ తక్కువేమీ కాదు. అయితే ఐదో నెలకు కొంతైనా పెరిగి ఉండాల్సింది, వేవిళ్ల వల్ల పెరగలేదు. ఇక్కడి నుంచి నెలకు కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా పెరిగేలా చూసుకోవాలి. అంగన్‌వాడీలో తూకం ఉంటుంది, నెలనెలా చూపించుకోండి.

వేడి చేస్తుందనే వాటిలో గుడ్డు విషయంలో మాత్రం గట్టిగా నిలబడండి. బాగా ఉడికించిన గుడ్డు గర్భిణికి ఏ హానీ చేయదు. చవకగా, ఇంటి దగ్గరే దొరికేవాటిలో అంతకన్నా మంచి మాంసకృత్తులు లేవు. రక్తానికి అవసరమైన బీ12 కూడా అందులో ఉంటుంది. పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి, సగం ఉడికింది వద్దు. నువ్వులు కూడా వంటలో వాడే మోతాదులో, ఒక చెంచా పొడిగా, తినొచ్చు, వాటిలో కాల్షియం దండిగా ఉంటుంది. వంకాయకూ బిడ్డ దురదలకూ ఏ సంబంధం లేదు. మీకు స్వయంగా వంకాయ పడకపోతే తినకండి, పడితే గుత్తివంకాయ చేసుకుని తినండి. బొప్పాయి విషయంలో పచ్చి కాయ వద్దు, దాని పాలతో గర్భసంచి మీద ప్రభావం ఉండొచ్చన్న అనుమానం ఉంది. బాగా పండింది తింటే ఇబ్బంది లేదు. అయినా దాని కోసం ఇంట్లో గొడవ పెట్టుకోకండి. జామ, బత్తాయి, అరటి ఉన్నప్పుడు బొప్పాయి లేకపోయినా మీకు లోటు రాదు. మీ పట్టుదలంతా గుడ్డు మీద, పాల మీద, పప్పు మీద పెట్టండి.

కుంకుమపువ్వు తింటే బిడ్డ తెల్లగా పుడుతుందన్నది నిజం కాదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల్లో ఉంటుంది. నల్లగా పుట్టినా, చామనఛాయగా పుట్టినా మీ బిడ్డ మీ బిడ్డే. ఈ ఆశ చూపించి అమ్మే ఖరీదైన డబ్బాల కోసం చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు కూడా ఖర్చు పెట్టడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

అంగన్‌వాడీకి వెళ్లండి. ఇందులో నామోషీ లేదు. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్య లక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడ ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. అది మీ హక్కు, ఎవరి దయా కాదు. మీ ఉత్తరం చదివాక నాకు ఇంకో కారణం కూడా కనిపించింది. అక్కడ మీరు మధ్యాహ్నం వేళకు, వేడిగా, మీ కోసం వడ్డించిన పళ్లెంలో తింటారు. ఇంట్లో మీరు 'అందరి భోజనాలయ్యాక' తింటున్నానని రాశారు. ఆ ఒక్క ముక్క మీద నేను చాలాసేపు ఆగిపోయాను. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలేది అడుగు అన్నం, పలచని చారు. కూర ముక్కలు, గుడ్డు, గట్టి పెరుగు అప్పటికే అయిపోయి ఉంటాయి. మిమ్మల్ని కావాలని పస్తు పెట్టేవాళ్లు మీ ఇంట్లో ఎవరూ లేరని నాకు తెలుసు. ఆడవాళ్లు చివర తినడం అలవాటుగా నడిచిపోతోంది, అంతే. గర్భిణికి పెట్టాల్సిన తిండి గురించి ఎన్ని లెక్కలు చెప్పినా, ఆమె చివర తింటున్నంత కాలం అవేవీ ఆమె పళ్లెంలోకి రావు.

అందుకే ఈ పేరా మీ ఆయనకు చదివి వినిపించండి. బాబూ, మీరు మీ భార్య కోసం వేలు ఖర్చు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు, సంతోషం. ఆ డబ్బు కన్నా మీరు చేయగల పెద్ద సాయం ఇంకొకటుంది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు 'నువ్వూ కూర్చో' అని ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. మీ అమ్మ ముందు ఆ మాట మీరే అనాలి, ఆమె అనలేదు. ఆమె అంగన్‌వాడీకి వెళ్లే రోజుల్లో రాత్రి భోజనానికి అలా చేయండి. రాత్రి పదింటికి నిమ్మకాయ నీళ్లు, ఎర్ర మాత్ర మీ చేత్తో ఇవ్వండి.

ఇక రోజు ఎలా ఉండాలో చెబుతాను, మీ వంటింట్లో ఉండేవాటితోనే. పొద్దున టీ బిస్కెట్ల స్థానంలో రాగిజావ గానీ, పెసరట్టు గానీ, లేదా జొన్నరొట్టె పప్పుతో గానీ. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. గర్భిణికి రోజుకు కావాల్సింది 1000. జావలో మజ్జిగ కలుపుకుంటే ఇంకా మంచిది. పదింటికి పచ్చడి అన్నం మానేసి గుప్పెడు పల్లీలో, ఉడికించిన బొబ్బర్లో, మొలకెత్తించి ఉడికించిన పెసర్లో తినండి. మధ్యాహ్నం అంగన్‌వాడీ భోజనం. సెలవు రోజున ఇంట్లో అన్నం, ముద్దపప్పు లేదా తోటకూర పప్పు, ఒక కూర, గుడ్డు. పప్పుచారు బదులు పప్పు గట్టిగా వండమని చెప్పండి, అదే పప్పు ఇంకో గుప్పెడు వేస్తే చాలు. ఆకుకూర ఏదైనా తినేముందు నిమ్మకాయ పిండుకోండి. గోంగూర, చుక్కకూర తినాలనిపిస్తే తినండి, మునగాకు దొరికితే పప్పులో వేసి వండుకోండి. సాయంత్రం టీ, ఓ జామపండు లేదా అరటిపండు, వాటి మధ్య కాస్త విరామం. రాత్రి అన్నం తగ్గించి పప్పు, కూర పెంచి, చివర గట్టి పెరుగు. పడుకునే ముందు మాత్ర ఉంటుంది కాబట్టి పాలు ఆ సమయానికి కాకుండా సాయంత్రమే తాగేయండి. నిలవ పచ్చడి అప్పుడప్పుడూ నోటికి రుచి కోసం ఉంటే ఉండనీయండి, అన్నానికి కూరగా మాత్రం వాడకండి.

మీ ఇంట్లో మాంసం తింటారో లేదో రాయలేదు. తింటే వారానికి రెండుసార్లు బాగా ఉడికిన కోడి, మేక మాంసం లేదా చిన్న చేపలు తినండి. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుము కన్నా తేలిగ్గా ఒంటికి పడుతుంది. కాలేయం మాత్రం గర్భంతో ఉన్నప్పుడు తరచుగా వద్దు, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ. పెద్ద సముద్రపు చేపలు, సొర లాంటివి పాదరసం వల్ల వద్దు. శాకాహారులైతే పాలు, పెరుగు తప్పనిసరి, బీ12 పరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలి. పాలు కాచే తాగాలి, ఆకుకూరలు ఉప్పు నీళ్లలో కడిగి వండాలి, బయట పానీపూరి ఈ నాలుగు నెలలూ మానండి. వంటకు అయోడిన్ ఉప్పే వాడండి.

ఆరో నెలలో గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే షుగర్ పరీక్ష తప్పించుకోవద్దు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంతో వచ్చే మధుమేహంగా చూస్తారు. సీమంతంలో చలిమిడి, మిఠాయిలు పుట్టింటివాళ్లు సంతోషంగా తెస్తారు, అందరితో పాటు రుచి చూడండి. పరీక్షలో షుగర్ ఉందని తేలితే మాత్రం వాటిని ఇంటిల్లిపాదికీ పంచిపెట్టండి.

కొన్ని సంగతులు తిండితో సరిపెట్టుకోకూడదు. రక్తం కనిపించినా, కడుపులో నొప్పి వచ్చినా, ముఖం చేతులు వాచినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, పడుకున్నా ఆయాసం వచ్చినా, బిడ్డ కదలికలు తెలియడం మొదలయ్యాక తగ్గినట్టు అనిపించినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. వేవిళ్లు మళ్లీ మొదలై నీళ్లు కూడా నిలవకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం ఉంటుంది, ప్రధాన మంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అని 2016 నుంచి నడుస్తోంది. వచ్చే 9వ తేదీకి అత్తమ్మను వెంట తీసుకుని వెళ్లండి. మాత్రలు రోజుకు ఎన్నో, పురుగుల మాత్ర ఇచ్చారో లేదో, పచ్చి బియ్యం సంగతి ఏం చేయాలో అక్కడ అడగండి. ఆ తర్వాత నెలకు మళ్లీ రక్త పరీక్ష చేయించండి. మాత్రలు రోజూ వేసుకుంటే నెలలో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి, అంటే 10 దాటాలి. పెరగకపోతే బీ12 లోపం, తలసేమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక రక్త జబ్బు) లాంటివి ఏమైనా ఉన్నాయేమో పెద్ద ఆసుపత్రిలో చూస్తారు, అవసరమైతే సూది ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. పెరిగినా, 11 దాటినా కూడా మాత్ర ఆపకండి, కాన్పు తర్వాత ఇంకో ఆరు నెలల దాకా వేసుకోవాలి. నెల తర్వాత వచ్చిన అంకె ఎంతో నాకు ఒక ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.